పెట్ట పొదుగు వదిలేసిందంటే ముందు గంపని చూడండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "గుంటూరు దగ్గర పెదకాకాని వైపు ఉంటాం. ఉప్పలపాడు చెరువులో గూడబాతులు ఏటా అవే చెట్ల మీద గూళ్ళు కడుతున్నాయి. గూటి పరిస్థితిని బట్టి సముద్ర పక్షులకి పిడుదులు, పురుగులు పట్టి ఆరోగ్యం దెబ్బతింటుందని చదివాను. మన దగ్గరా అంతేనా? ఇంకో సంగతి, మా నాటు పెట్ట 11 గుడ్ల మీద కూర్చుని 16వ రోజున, అంటే ఇవాళ పొద్దున, లేచిపోయింది. గంపలో చెయ్యి పెడితే ఆవగింజలో సగం కూడా లేని పురుగులు మోచేతి దాకా పాకాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఇప్పుడేం చెయ్యాలి?"

సంబంధం ఉందండి, దగ్గరి సంబంధమే. కానీ ముందు గుడ్ల సంగతి చూద్దాం, అది రేపటికి ఆగదు.

16వ రోజుకి గుడ్డులోని పిల్లకి సొంత వేడి కొద్దిగా పుడుతుంది. మన ఎండాకాలపు గదిలో పెట్ట నాలుగైదు గంటలు లేకపోయినా చాలా గుడ్లు తట్టుకుంటాయి. డిసెంబరు రాత్రయితే అంత నమ్మకం పెట్టుకోలేం. గది చీకటి చేసి సెల్‌ఫోను లైటుని గుడ్డు వెడల్పు కొనకి ఆనించండి. ఈ వయసు గుడ్డులో ఎక్కువ భాగం నల్లగా ఉండాలి, వెడల్పు కొనన గాలి గది తెల్లగా మెరవాలి, ఆ అంచున ఎర్రటి నరాలు కనిపించాలి. నరాలుంటే పిల్ల బతికుందనే లెక్క. నరాలు లేకుండా, తిప్పితే లోపల నీళ్ళలా ఆడితే అది మురిగిపోయింది. వెంటనే తీసెయ్యండి. గంపలో పగిలిందంటే మిగతా గుడ్లకీ ముప్పే.

బతికున్న గుడ్లని ఒక్కొక్కటిగా పొడి నూలుగుడ్డతో తుడవండి. నీళ్ళతో కడగొద్దు. గుడ్డు పైనున్న సన్నటి పొర పోతే సూక్ష్మక్రిములు పెంకులోని రంధ్రాల గుండా లోపలికి పోతాయి. పురుగులు చావాలని కిరోసినో వేపనూనో రాయడం ఇంకా పెద్ద తప్పు. ఆ రంధ్రాలగుండానే పిల్ల గాలి పీలుస్తుంది, నూనె వాటిని మూసేస్తుంది. తుడిచిన గుడ్లని కొత్త గడ్డి వేసిన వేరే పాత్రలో పెట్టండి. పొదుగు మీదున్న పెట్ట ఇంకొకటి ఇంట్లో ఉంటే చీకటిపడ్డాక దాని కిందకి చేర్చండి. లేదంటే పాత పెట్టనే కూర్చోబెట్టాలి, ఆ పద్ధతి కింద చెబుతాను. గుడ్లు చూసి, తుడిచి సర్దే ఈ పనంతా పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. మేతకి లేచిన పొదుగుకోడి మామూలుగా తీసుకునే సమయం కూడా సుమారు అంతే.

ఇక మొదటి ప్రశ్న. పక్షి పరాన్నజీవుల గురించి మాట్లాడేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: అది కాపురం ఉండేది ఎక్కడ? కొన్ని గూట్లో ఉంటాయి. పక్షి వచ్చి కూర్చున్నప్పుడు రక్తం తాగి మళ్ళీ పుల్లల్లోకి, రాళ్ళ పగుళ్ళలోకి పోతాయి. మెత్తటి పిడుదులు, ఎర్ర నల్లి (మంచపు నల్లి కాదు, కోళ్ళని పట్టే చుక్కంత పురుగు), దూకే పురుగులు ఈ కోవలోవి. కొన్ని ఒంటి మీదే పుట్టి ఒంటి మీదే పోతాయి, ఈకల పేలలాగా. కొన్ని కడుపులో ఉంటాయి, తిండితో వస్తాయి. గూడు బాగుచేస్తే తగ్గేది మొదటి రకమే. ఇది తేల్చుకోకుండా గూడు శుభ్రం చేసి కడుపు పురుగులు పోతాయనుకోవడం, కడుపు మందు పోసి నల్లి పోలేదని బాధపడడం రెండూ చూస్తుంటాం.

సముద్ర పక్షులకి మొదటి రకం బెడద మిగతావాటికంటే ఎక్కువ. కారణం వాటి కాపురమే. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళ మీద తిరిగి, గుడ్లకోసం మాత్రం ఒకే దీవికి, ఒకే కొండచరియకి, చాలాసార్లు కిందటేటి గూటికే వస్తాయి. చాలాచోట్ల జతకీ జతకీ మధ్య ఒక మూర దూరం కూడా ఉండదు. పిడుదుకి ఇంతకంటే ఏం కావాలి? పక్షి వెళ్ళిపోయిన ఎనిమిది తొమ్మిది నెలలూ పగుళ్ళలో ఉపవాసం ఉండి, మళ్ళీ రాగానే విందుకి బయల్దేరుతుంది. ఉత్తర సముద్రాల కొండచరియల మీద గూళ్ళు కట్టే కిట్టివేక్, పఫిన్, గిలిమాట్ లాంటి పక్షుల్ని పట్టే ఇక్సోడెస్ యూరియే అనే గట్టి పిడుదు ఏడాదికి ఒక్కసారే తింటుంది. నాలుగైదు రోజుల నుంచి వారం దాకా పక్షిని అంటిపెట్టుకుని రక్తం తాగి రాలిపోయి, తర్వాతి దశకోసం మరుసటి ఏడు దాకా ఆగుతుంది. దాని జీవితచక్రం తిరగడానికి ఏళ్ళు పడుతుంది. అంటే ఇవాళ ఆ చరియ మీద ఉన్న పిడుదుల లెక్క నిన్నమొన్నటి పక్షుల వల్ల వచ్చింది కాదు, ఏళ్ళ నాటి బాకీ.

మెత్తటి పిడుదుల తీరు వేరు. పెద్దవి రాత్రిపూట అరగంట, గంట తాగి దాక్కుంటాయి. పగలు వెళ్ళి చూసినవాడికి ఒక్కటీ కనపడదు. మీ పెట్ట చేసిన పనిని లక్షల పక్షులు ఒకేసారి చేసిన సందర్భాలు వీటివల్లే వచ్చాయి. పెరూ తీరంలోని గ్వానో (పేరుకున్న పక్షి రెట్ట) దీవుల్లో నీటికాకులు, బూబీలు, పెలికాన్లు కిక్కిరిసి పొదుగుతాయి. ఆర్నితోడోరస్ ఆంబ్లస్ అనే మెత్తటి పిడుదు మితిమీరిన చోట గుడ్లనీ పిల్లల్నీ వదిలేసి గుంపులకి గుంపులు లేచిపోవడం అక్కడ నమోదైంది. అమెరికాలో టెక్సాస్ తీరాన 1975లో గోధుమ రంగు పెలికాన్ల పొదుగు దెబ్బతినడంలో పిడుదుల పాత్ర ఉందని తేల్చారు. సీషెల్స్‌లోని బర్డ్ ఐలాండ్‌లో 1970ల్లో సూటీ టెర్న్ పక్షులు గూళ్ళు వదిలేసిన చోట పిడుదుల్లో వైరస్ కూడా ఉంది. రక్తం పోవడం ఒక ఎత్తు, పిడుదు మోసుకొచ్చే జబ్బు ఇంకో ఎత్తు.

ఇందులో తల్లి పక్షి లెక్క గమనించండి. సముద్ర పక్షి ఇరవై, ముప్పై ఏళ్ళు బతకగలదు. ఈ ఏడు పోయినా వచ్చే ఏడు ఉంది. తన ఒంట్లో రక్తం పోగొట్టుకుంటూ కూర్చోవడం కంటే లేచిపోవడమే దానికి లాభం. పెట్టదీ అదే స్వభావం. "మా పెట్టకి తల్లి బుద్ధి లేదు" అని కోసేసేవాళ్ళున్నారు. తప్పు చాలావరకు గంపది.

గూట్లో ఏ పరిస్థితి ఉంటే పురుగు పెరుగుతుంది? అన్నిటికంటే పెద్దది తేమ. నల్లి, పిడుదు ఒంటి పరిమాణం చిన్నది కాబట్టి నీరు త్వరగా ఆవిరైపోతుంది. గాలిలో తేమ బాగా ఉంటే పిడుదు ఆ గాలిలోంచే నీటిని పీల్చుకోగలదు, అందుకే ఏమీ తినకుండా ఏళ్ళు లాగుతుంది. పొడిగాలి, ఎండ తగిలే గూట్లో దాని ఆటలు సాగవు. తర్వాతది వేడి. కోళ్ళ ఎర్ర నల్లికి 25 నుంచి 30 డిగ్రీలు పండగ, గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం చాలు. 45 డిగ్రీలు దాటితే చచ్చిపోతుంది. మూడోది దాక్కునే సందు: రాతి పగులు, పాత పుల్లల దిబ్బ, వెదురు అల్లిక. ఆఖరిది ఖాళీ కాలం, అంటే ఒక పొదుగుకీ ఇంకో పొదుగుకీ మధ్య గూడు ఎంతకాలం ఖాళీగా ఉంటుందన్నది.

అలాగని ఆరుబయలు గూడే మంచిదనుకుంటే ఆఫ్రికా పెంగ్విన్ల కథ అడ్డొస్తుంది. ఒకప్పుడు అవి దక్షిణాఫ్రికా, నమీబియా దీవుల్లో మందంగా పేరుకున్న రెట్టలోనే, అంటే గ్వానోలోనే, బొరియలు తవ్వుకుని పొదిగేవి. 19వ శతాబ్దంలో ఎరువుకోసం ఆ గ్వానోని అడుగంటా గీకి పట్టుకెళ్ళారు. పెంగ్విన్ నేల మీద పడింది. ఎండకి తాళలేక గుడ్లు వదిలి నీళ్ళలోకి పోవడం, ఆ సందులో గల్ పక్షులు గుడ్లెత్తుకుపోవడం మొదలైంది. మనుషులు కృత్రిమ గూళ్ళు పెట్టారు. ఫైబర్‌గ్లాసు డబ్బాలు కొన్ని లోపల మరీ వేడెక్కాయి, తర్వాత గాలి ఆడే రెండు పొరల గూళ్ళు చేశారు. మూసిన గూడు ఎండనీ గల్ పక్షినీ ఆపుతుంది, అదే గూడు దూకే పురుగులకీ పిడుదులకీ నీడనిస్తుంది. నీడ కావాలి, ఉక్క ఉండకూడదు. గూడు కట్టేవాడికి ఇదే చిక్కుముడి, పెంగ్విన్‌కైనా మీ పెరటి పెట్టకైనా. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఆఫ్రికా పెంగ్విన్‌ని అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాబితాలోకి మార్చింది. దానికి చేపల కొరత ప్రధాన కారణం, గూళ్ళు ఒక్కటే కాదు.

ఇప్పుడు ఉప్పలపాడుకి వద్దాం. గూడబాతు, అంటే మచ్చల ముక్కు పెలికాన్, సముద్ర పక్షి కాదు, కానీ బంధువు. గుంపుగా కడుతుంది, పాత చోటికే వస్తుంది. సుమారు నెల పొదిగి, ఆపైన మూడు నెలలకి తగ్గకుండా పిల్లని గూట్లోనే మేపుతుంది. ఇంతకాలం ఒకే గూడు వాడితే పురుగు పేరుకోవాలి కదా? కొంత పేరుకుంటుంది. కానీ మూడు సంగతులు మనకి కలిసొస్తున్నాయి. గూడు చెట్టు కొసన, పుల్లలతో జాలీలాగా ఉంటుంది, రెట్ట చాలావరకు నీళ్ళలో పడుతుంది. గాలి, ఎండ అన్నివైపులా తగులుతాయి. పొదుగు సీజను అయ్యాక గుంటూరు మే ఎండ ఆ ఖాళీ పుల్లల్ని మాడ్చేస్తుంది, ఆపైన వర్షాలు పాత గూడుని సగం కిందకి దించేస్తాయి. మిగిలిన పుల్లల్ని పక్క గూటి కొంగలు దొంగిలిస్తాయి. దొంగతనమే అయినా శుభ్రానికి మంచిదే! పెరూ దీవిలో ఇవేవీ లేవు. అక్కడ వర్షం లేదు, రాయి ఉంది, పగులు ఉంది.

జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, చెట్లు చచ్చిపోయి గూళ్ళు తక్కువ కొమ్మల మీదకి కుదించుకుపోయినప్పుడు. కొంగల రెట్టలో ఉండే యూరిక్ ఆమ్లం కొన్నేళ్ళలో చెట్టుని మాడుస్తుంది. మిగిలిన చెట్ల మీద గూళ్ళు ఒకదాని కింద ఒకటి వస్తాయి. పైగూటి రెట్ట కిందిగూట్లో పడితే అది ఎప్పుడూ తడిగా ఉంటుంది. పిల్లల ఈకలు జిగురు పట్టి చలి పడుతుంది, తేమకి పురుగు చేరుతుంది. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో పెలికాన్ల కోసం ఇనుప స్టాండ్లు పెట్టారు. అలాంటివి ఎక్కడ పెట్టినా పైన చెక్క పలకలు కాకుండా పెద్ద కన్నాల జాలీ ఉండాలి, గోనెపట్టాలు చుట్టకూడదు. పాత పుల్లల దిబ్బని సీజను అయ్యాక, గూళ్ళన్నీ ఖాళీ అని రూఢి చేసుకున్నాకే దించాలి. ఆ పని అటవీ సిబ్బందిది, మనది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద గూడు కదిలించడం, గుడ్లు ముట్టుకోవడం నేరం. గూళ్ళ మీద పురుగుమందు కొట్టాలనే సలహా ఎవరైనా ఇస్తే ఒప్పుకోకండి. పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కాస్త నీళ్ళలో పడినా చేపలు తేలిపోతాయి.

అయితే మన పెలికాన్లు పెద్ద సంఖ్యలో చచ్చిపోయిన సందర్భాల్లో ప్రధానంగా బయటపడింది గూటి పురుగు కాదు, కడుపు పురుగు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో 2017-18 సీజనులోనూ, మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో 2021-22 శీతాకాలంలోనూ నులిపురుగులే బయటపడ్డాయి. ఈ జాతి పురుగు గుడ్లు రెట్టతో నీళ్ళలోకి వెళ్తాయి, కంటికి కనిపించని నీటి జీవాల్లోకి, అక్కడినుంచి చిన్న చేపల్లోకి చేరతాయి. ఆ చేపల్ని తిన్న పక్షి కడుపులో పెద్దవై పుళ్ళు చేస్తాయి. తల్లి కక్కి పెట్టే చేపతో పిల్లకీ వస్తాయి. గూడు ఎంత శుభ్రంగా ఉన్నా దీన్ని ఆపలేదు. చెరువులో నీరు పాతబడకుండా చూడటం, చేపల గుంటల్లో జబ్బు చేపల్ని పడేసి వదిలేయకపోవడం అనే వైపు నుంచి ఆలోచించాలి. కాబట్టి చెరువు గట్టున చచ్చిన గూడబాతు కనిపిస్తే "పిడుదులే" అని తీర్మానించొద్దు. కోసి చూస్తేనే తెలుస్తుంది. పడిపోయిన పిల్లని జాలిపడి ఇంటికి తెచ్చి కోళ్ళ దొడ్లో పెట్టడం అసలే వద్దు. బర్డ్ ఫ్లూ లాంటివి అటూ ఇటూ ప్రయాణించేది ఇలాగే. అటవీ సిబ్బందికి చెప్పి దూరంగా ఉండండి.

మీ గంపకి తిరిగొద్దాం. అసలు శత్రువు ఎవరో ఈ రాత్రి తేల్చుకోండి. మిర్చి చేలో నల్లిని చూసినవాళ్ళే కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. ఖాళీ గంప అడుగున తెల్లకాగితం పరిచి గడ్డిని దాని మీద దులపండి. కదిలే చుక్కని గోటితో నలిపితే ఎర్రగా మరక పడితే రక్తం తాగిన నల్లి. పట్టపగలు కూడా పెట్ట తోక కింద, మలద్వారం చుట్టూ ఈకల మొదట్లో నల్లటి ధూళిలా పురుగులు కనిపిస్తే అది మన ఉష్ణ ప్రాంతపు కోడి నల్లి. చేతుల మీదకి వెంటనే ఎక్కేది ఎక్కువగా ఇదే. పగలు పెట్ట ఒళ్ళు శుభ్రంగా ఉండి, రాత్రి తొమ్మిది తర్వాత టార్చి వేస్తే మాత్రమే కాళ్ళ మీద, కడుపు కింద కనిపిస్తే ఎర్ర నల్లి. ఈ తేడా ఊరికే చెప్పడం లేదు. మొదటిది కోడి లేకుండా పది పన్నెండు రోజులకి మించి బతకడం కష్టం, గంపని మూడు వారాలు ఎండలో వదిలేస్తే పోతుంది. ఎర్ర నల్లి చల్లటి, తేమ చోట ఎనిమిది నెలలు కూడా ఉపవాసం ఉండగలదు. దాన్ని ఖాళీ పెట్టి చంపలేరు. ఇక కందిబద్దంత, బూడిదరంగు, చదునైన పురుగులు గోడ పగుళ్ళలో దొరికితే అది కోళ్ళ మెత్తటి పిడుదు, పెరూ దీవుల పిడుదుకి చుట్టం. ఇది స్పైరోకీటోసిస్ అనే జ్వరం మోస్తుంది. ఆకుపచ్చ విరేచనం, కాళ్ళు పడిపోవడం చూసి జనం కొక్కెర తెగులు అనుకుని వదిలేస్తారు. కొక్కెర తెగులుకి చికిత్స లేదు కానీ దీనికి ఉంది, పశువుల డాక్టరు పెన్సిలిన్ ఇస్తే తిరుగుతుంది. అందుకే గోడ పగులు చూడకుండా జబ్బు పేరు పెట్టొద్దు.

16వ రోజునే ఎందుకు లేచిందో ఇప్పుడు లెక్క వేయొచ్చు. పొదుగు 21 రోజులు, నల్లి తరం వారం. కూర్చున్ననాడు గంపలో పది నల్లులుంటే ఎవరికీ తెలీదు. రెండు తరాలు తిరిగేసరికి, అంటే రెండు వారాలు దాటగానే, పొదుగు భరించలేనిదౌతుంది. ఓర్చుకుని కూర్చున్నా మూడో తరం సరిగ్గా పిల్లలు దిగే రోజుకి సిద్ధంగా ఉంటుంది. 30 గ్రాముల పిల్ల ఒంట్లో రక్తం రెండు మిల్లీలీటర్లకి కాస్త ఎక్కువ. ఒక నల్లి ఒక పూటకి తాగేది సుమారు 0.2 మైక్రోలీటర్లు (మైక్రోలీటరంటే మిల్లీలీటరులో వెయ్యోవంతు). వెయ్యి నల్లులు ఒక రాత్రి ఒకే పిల్ల మీద పడితే పదోవంతు రక్తం పోయినట్టే. ముక్కు, కాళ్ళు పాలిపోయి, మూడో రోజు తల వాల్చేసే పిల్లల్లో చాలావాటి కథ ఇది.

పాత పెట్టని తిరిగి కూర్చోబెట్టే పద్ధతి. పాత గడ్డి అంతా గోనెలో వేసి, దూరంగా తీసుకెళ్ళి కాల్చండి, చెత్తకుప్ప మీద పారేస్తే రాత్రికి నడిచొస్తాయి. వెదురు గంప వాడొద్దు, ప్రతి అల్లికా ఒక ఇల్లే. వెడల్పు మూతి మట్టి బానో, అడుగున నాలుగు కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ టబ్బో చాలు. అడుగున రెండంగుళాలు ఎండిన ఏటి ఇసుక, పైన గుప్పెడు జల్లించిన కట్టెల బూడిద, దాని మీద ఎండలో ఆరిన కొత్త వరిగడ్డి. ఊక వద్దు, గుడ్లు జారి అంచుకి పోతాయి. పాత గంప ఉన్న చోటే ఈ టబ్బు పెట్టండి. పెట్టకి గుర్తుండేది గంప కాదు, చోటు. చీకటిపడ్డాక పెట్ట రెక్కల కింద, మెడకింద, తోక మొదట్లో ఇసుకా బూడిదా కలిపి వేళ్ళతో రుద్ది, దులిపి, గుడ్ల మీద మెల్లగా దించండి. ముఖానికి తగలనీయకండి. తెల్లారేదాకా తట్ట బోర్లించి ఉంచితే స్థిరపడుతుంది. పొదుగులో ఉన్న పెట్టని మందునీళ్ళలో ముంచడం మాత్రం వద్దు. తడి ఒంటితో గుడ్లు చల్లబడతాయి, మందు పెంకుకి అంటుతుంది. బూడిద కూడా పొడిగా ఉన్నంతవరకే మందు, తడిసిందంటే చర్మాన్ని కాల్చే క్షారం.

గూడు ఉన్న గది, గోడ, పాత గంపకి మందు కొట్టాలి. పశువుల మందుల షాపులో దొరికే డెల్టామెత్రిన్ 1.25 శాతం ద్రావణం, బ్యూటాక్స్ లాంటిది, లీటరు నీళ్ళకి 2 మిల్లీలీటర్లు. గోడ పగుళ్ళలోకి బ్రష్షుతో దిగేలా పుయ్యండి, పైపైన చల్లితే దండగ. కోళ్ళనీ గుడ్లనీ మేతనీ బయటికి తీసి, ఆరాక మళ్ళీ పెట్టాలి. ఇది నల్లి గుడ్లని చంపదు, అందుకే ఆరేడు రోజులకి రెండోసారి తప్పదు. చాలామంది ఒకసారి కొట్టి, వారానికి మళ్ళీ కనపడితే "మందు పని చెయ్యలేదు" అని మోతాదు పెంచుతారు. మోతాదు కాదు, తారీఖు ముఖ్యం. మిగిలిన నీళ్ళు కాలవలో పొయ్యొద్దు. పగుళ్ళని తర్వాత సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చేస్తే నల్లి ఇళ్ళలో సగం ఖాళీ చేయించినట్టే. మే నెల అయితే మందు కంటే ఎండే నయం: గంపని నల్ల ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, డాబా మీద మధ్యాహ్నం మూడు గంటలు ఉంచితే లోపల 45 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతుంది.

మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మిర్చికి, పత్తికి తెచ్చి మిగిలిన సీసా ఇంట్లో ఉంటుంది, "నల్లి మందే కదా" అని కోళ్ళకి కొడతారు. మోనోక్రోటోఫాస్ లాంటివి పక్షులకి ప్రాణాంతకం. అర్జెంటీనాలో 1995-96లో పొలాల్లో మిడతలకి కొట్టిన ఆ మందు తగిలి వలస గద్దలు వేలల్లో రాలిపోయాయి. గద్దనే పడగొట్టింది పెట్టని ఆపుతుందా? గమాక్సిన్ పొడి ఎవరి దగ్గరైనా పాతది మిగిలి ఉంటే అదీ వద్దు, అది నిషేధించిన మందు. పంట సామానులో పనికొచ్చేది ఒక్క గంధకం పొడి. పొదుగులో లేని కోళ్ళకి ఒక వెడల్పు తొట్టిలో ఐదు కిలోల ఇసుకా బూడిదా కలిపి, అర కిలో గంధకం పొడి వేసి, నీడలో, వాన తడవని చోట పెట్టండి. అవే పొర్లాడి ఒంటి మీది నల్లిని పది రోజుల్లో తగ్గించుకుంటాయి. కళ్ళూ ముక్కూ మండుతాయి కాబట్టి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పిల్లలకోళ్ళని అటు రానివ్వొద్దు. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు సంగతి డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు, గుడ్లు తినేవాళ్ళున్న ఇంట్లో అసలే వద్దు.

వావిలాకు, వేపాకు, సీతాఫలం ఆకు గంపలో పరిచే పాత అలవాటుంది. చెడ్డది కాదు, కానీ నీడన ఎండిన ఆకు రెండు గుప్పిళ్ళు మించొద్దు. పచ్చి ఆకు దట్టంగా పరిస్తే గూట్లో తేమ పెరిగి, అమ్మోనియా వాసన పుట్టి, పెట్ట కళ్ళు నీరుకారతాయి, వాసనకి తట్టుకున్న నల్లి ఇంకా సుఖపడుతుంది. సీతాఫలం గింజల పొడి వేరే సంగతి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. గూట్లోకి మందుని పక్షి చేతే మోయించే ఉపాయం గలాపగోస్ దీవుల్లో 2014లో పరీక్షించారు: ఒక శాతం పెర్మెత్రిన్ తడిపిన దూదిని అందుబాటులో పెడితే డార్విన్ ఫించ్ పిట్టలు దాన్ని గూళ్ళలో అల్లుకున్నాయి, ఒక గ్రాము దూది చేరిన గూట్లో రక్తం తాగే ఈగ పిల్లలు దాదాపు లేకుండా పోయాయి. దూదికి గుంటూరులో కరువు లేకపోయినా, మన పెట్ట గూడు అల్లదు, మనమే గడ్డి వెయ్యాలి.

వచ్చే పొదుగుకి ముందే చేసేవి: పెట్టని కూర్చోబెట్టే రెండు వారాల ముందు గదికి మందు పుయ్యడం, వారానికి రెండోసారి పుయ్యడం, 10 నుంచి 12 గుడ్లు మించకపోవడం, 7వ రోజు, 14వ రోజు సాయంత్రం పెట్ట మేతకి లేచినప్పుడు కాగితం పరీక్ష. 14వ రోజు కాగితం మీద పదిపదిహేను చుక్కలు కదిలితే ఆ రాత్రే గడ్డి, ఇసుక మార్చెయ్యండి. 20వ రోజు మాత్రం చెయ్యి పెట్టొద్దు, పిల్ల ముక్కుతో పెంకు పొడుస్తుంటుంది. పిల్లలు దిగిన రోజే ఆ గడ్డి కాల్చి తల్లినీ పిల్లల్నీ వేరే చోటికి మార్చండి, ఆ గంపలోనే రెండో పెట్టని కూర్చోబెట్టే పొదుపు బుద్ధి వల్లే రెండో పొదుగు ఎప్పుడూ చెడుతుంది.

చేతి మీది దద్దుర్ల గురించి అడగలేదు గానీ, సబ్బుతో కడిగి, ఆ బట్టలు వేడినీళ్ళలో వెయ్యండి. నల్లి మనిషిని కుడుతుంది కానీ మనిషి మీద కాపురం పెట్టలేదు. విజయవాడ అపార్టుమెంట్లలో ఏసీ బల్ల మీద పావురం గూడున్నవాళ్ళకి రాత్రుళ్ళు ఇదే దురద వస్తుంటుంది. పిల్లలు ఎగిరిపోయిన మర్నాడు ఆకలేసిన నల్లి కిటికీ సందులోంచి పడకగదిలోకి వస్తుంది. మంచానికి మందు కొట్టి ప్రయోజనం లేదు. ఖాళీ గూటిని అదే రోజు ముఖానికి మాస్కు కట్టుకుని, నీళ్ళు చిలకరించి దుమ్ము లేవకుండా తీసి, సంచీలో ముడేసి పారెయ్యాలి.